గొంతు నాది, ముక్కు ఆయనది

పోయిన శనివారం పాల కోసం నేపర్‌విల్‌లో ఒక స్టోర్‌కి వెళ్ళాను. వైన్ సీసాల వరుస చివర ఒకావిడ చిన్న టేబుల్ వేసుకుని, ప్లాస్టిక్ కప్పుల్లో పోసి రుచి చూపిస్తోంది. "స్పానిష్ గర్నాచా, ట్రై చేస్తారా?" అంది. తీసుకుని ఒక గుక్క మింగాను. మింగి, అలవాటు కొద్దీ కుడిపక్కకి తిరిగి, "ముందు మిరియం ఘాటు, తర్వాత వేడి, వేడి ఎక్కువసేపు నిలవలేదు" అన్నాను. అదీ తెలుగులో. పక్కన మనిషి లేడు, చిప్స్ ప్యాకెట్లున్నాయి. ఆవిడ నా వంక చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

బాబాయ్ పోయి ఎనిమిది నెలలైంది. నా గొంతుకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

సొంత బాబాయ్ కాదు. అరోరాలో మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. కూతురు స్పాన్సర్ చేస్తే యాభై దాటాక ఈ దేశం వచ్చారు. అంతకు ముందు ఒంగోలు వైపు పొగాకు గ్రేడర్. ఆకుని వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ గ్రేడో చెప్పే ఉద్యోగం. షామ్‌బర్గ్‌లో ఒక గుజరాతీ పెద్దాయన లిక్కర్ షాపులో పెట్టెలు సర్దడానికి చేరి, ఏడాది తిరక్కుండానే స్పానిష్ వైన్ల అర మొత్తం తన చేతి కింద పెట్టుకున్నాడు. ఆ షాపు ఓనరు నాతో ఒకసారి అన్నాడు: "ఇతను నా దగ్గర పనిచేస్తున్నాడో, నేనే ఇతని దగ్గర పనిచేస్తున్నానో నాకే తెలీదు."

నేను ఆయన్ని మొదటిసారి చూసింది అక్కడే. మా మేనేజరు ఇంటికి డిన్నర్‌కి పోతూ ఏదో ఒక సీసా పట్టుకుపోదామని వెళ్ళాను. సీసాల కింద చిన్న చిన్న అట్టముక్కలు, వాటి మీద వంకర అక్షరాల ఇంగ్లీషు. మామూలుగా అలాంటి వాటి మీద చెర్రీ, చాక్లెట్ అని రాస్తారు. ఇక్కడ ఒకదాని మీద, "ఎండిన రేగుపండ్లు బెల్లంతో కలిపి దంచిన వాసన. రేగుపండు తెలియనివారికి నా సానుభూతి" అని ఉంది. ఇంకోదాని మీద, "పెళ్ళింట్లో చల్లిన పన్నీరు, మర్నాటికి మిగిలినంత." నేను గట్టిగా నవ్వేశాను. పెట్టెల వెనక నుంచి తెలుగు వినపడింది.

"ఏందయ్యా, తప్పుందా?"

"తప్పేం లేదండీ. అమెరికన్లకి రేగుపండు ఏం తెలుస్తుందని?"

"నాకు బ్లాక్‌బెర్రీ తెలుసా? వాళ్ళు రాస్తే నేను నేర్చుకోలా? వాళ్ళూ నేర్చుకుంటారు."

నేర్చుకున్నారు కూడా. పక్కనున్న ఇండియన్ గ్రోసరీకి పోయి ఎండు రేగుపండ్లు కొనుక్కుని వచ్చి, సీసా పక్కన పెట్టుకుని వాసన చూసిన తెల్లవాళ్ళని నా కళ్ళతో చూశాను.

ఆయన ఎవరింటికొచ్చినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగేవాడు. చెప్పులు విప్పడానికని మనం అనుకుంటాం. కాదు, ఇల్లు వాసన చూడటానికి. "సాంబార్లో ఇంగువ మర్చిపోయావమ్మా" అని హాల్లోంచే మా ఆవిడకి చెప్పేవాడు. ఆవిడకి ఒళ్ళు మండేది, వెళ్ళి చూస్తే నిజమే అయ్యేది. నా కార్‌లో కూలెంట్ కారుతోందని మెకానిక్ కంటే రెండు వారాల ముందు చెప్పింది ఆయనే. గ్లాసు పట్టుకున్నప్పుడు ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే నలుపుకునేవి, మధ్యలో ఆకు ఉన్నట్టు. "బాగుంది" అనే మాట ఆయన నోట నేను విన్నది బహు తక్కువ. "రంగుంది, బరువుంది, నూనె లేదు" అనేవాడు. నూనె అంటే ఆకుని నలిపినప్పుడు వేళ్ళకంటే జిడ్డు అట. మంచి వైన్‌కి కూడా ఉంటుందట. నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. అర్థమయ్యాక సగం సీసాలు కొనబుద్ధి కాలేదు.

స్పెయిన్‌లో ఎన్ని రకాల ద్రాక్షలున్నా ఆయన మనసు గర్నాచా మీదే. అక్కడే రియోహా అనే ప్రాంతం సీసాలు చూపిస్తే, "చెక్కపీపా వాసనే గదయ్యా అంతా, పండేదీ?" అనేవాడు. గర్నాచా మెట్ట పంట. అరగాన్ కొండల్లో రాళ్ళ నేలలో, పందిరి లేకుండా, నీళ్ళు పెట్టకుండా, పొదలా పెరుగుతుంది. కొన్ని తీగలకి నూరేళ్ళ పైనే. "తడి పెట్టి పెంచిన వంకాయకీ, వానకి పెరిగిన వంకాయకీ ఎంత తేడానో, అంత తేడా" అని చెప్పేవాడు. ఎండలో పండుతుంది కాబట్టి దీంట్లో ఆల్కహాల్ ఎక్కువ. వెచ్చటి ఇంట్లో అలాగే పోసుకుంటే ఘాటు ముక్కుకెక్కి పండు వాసన తెలీదు. తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టేవాడు మొరటోడు అని ఎక్కడో చదివి మా పార్టీల్లో దబాయించే మేధావులుండేవారు. బాబాయ్ వాళ్ళతో వాదించేవాడు కాదు. తన గ్లాసు ఒకటి చల్లబరిచి వాళ్ళ ముక్కు కింద పెట్టేవాడు.

ఇంత చేసి, ఆయన ఒక్క చుక్క మింగేవాడు కాదు.

నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని, పేపర్ కప్పులో ఉమ్మేసేవాడు. షాపులో తెల్లవాళ్ళకి అది మహా గౌరవం. ప్రొఫెషనల్స్ అలాగే చేస్తారు కదా. మనవాళ్ళకి మాత్రం అవమానం. మా బేస్‌మెంట్‌లో ఒకసారి, నేను పోసిన వైన్ కప్పులో ఉమ్ముతుంటే మా ఫ్రెండొకడు ఉండబట్టలేక అన్నాడు, "ఏంది బాబాయ్, ఉమ్మేయడానికి నలభై డాలర్ల సీసా కావాల్నా?"

"తాంబూలం నమిలి ఉమ్మేస్తే మర్యాదా, ఇది ఉమ్మేస్తే తప్పా?" అన్నాడు బాబాయ్ తాపీగా.

అందరూ నవ్వారు. నేను ఊరుకోవచ్చుగా. నాలుక దురద. "ఏదో ఒట్టంట కదా, ఇన్నేళ్ళయింది, ఒట్టు తీసి గట్టున పెట్టండి బాబాయ్" అన్నాను. ఆయన నవ్వలేదు. మర్నాడు ఫోన్ చేసి, పార్కులో నడుద్దాం రమ్మన్నాడు. నడుస్తూ చెప్పాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన తాగేవాడు. సరదాకి కాదు, మనిషి పనికిరాకుండా పోయేంత. ఒక సీజన్‌లో పచ్చాకుని వేడికి పండబెట్టే బ్యారన్ కొట్టానికి కాపలా పడుకున్నాడు. బ్యారన్ కింద పొయ్యి మండుతూ ఉంటుంది, వేడి ఎక్కువా తక్కువా కాకుండా కనిపెట్టి చూడాలి. ఈయన సారా తాగి పొయ్యి పక్క పాకలోనే పడి నిద్రపోయాడు. ఆకు అంటుకుంది. సద్ది పట్టుకొచ్చిన పిన్ని పొగ చూసి, లోపలికి దూరి, కాళ్ళు పట్టుకుని బయటికి లాగింది. ఆమె కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. పిన్ని ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ చెయ్యి మీద చెయ్యేసి ఒట్టేశానయ్యా, గొంతు దిగనివ్వనని. గట్టున పెట్టడానికి అదేం చెప్పుల జతా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు.

"రోజూ ఇంటికి పోంగానే ఊదమంటది. ఇక్కడికొచ్చినాక కూడా, షాపు నుంచి పోతే గుమ్మంలోనే ఊదాల. నోట్లో వైన్ వాసన ఉంటది, ఉండకేం. ఉమ్మిన వాసనేదో, మింగిన వాసనేదో ఆమెకి తెలుసంట. నాకంటే పెద్ద గ్రేడర్. నేనేం అననయ్యా, ఆ హక్కు ఆమెది. ఒక్కటే ఆశ. చచ్చేలోపు ఒక్కరోజు, ఊదమనకుండా కూడు పెడితే చాలు."

ఆ రోజు నుంచి నేను ఆయన గొంతునయ్యాను. వాసన ఆయన చూస్తాడు, రుచి ఆయన చూస్తాడు. మింగాక ఏమవుతుందో మాత్రం ఆయనకి తెలీదు. "ముక్కుకి తెలిసేది తల, నాలిక్కి తెలిసేది మొండెం, గొంతులో మిగిలేది తోక. తోక చూడకుండా గేదెను కొంటామా?" అనేవాడు. ప్రతి ఆదివారం పదకొండింటికి షాపు వెనక గదిలో కూర్చునేవాళ్ళం. నేను మింగి చెప్పాలి: మంట ఉందా, ఎక్కడ మొదలైంది, ఎంతసేపుంది, మళ్ళీ తాగాలనిపించిందా. ముందు రోజు నుంచే కారం, పచ్చి ఉల్లిపాయ, కాఫీ బంద్. ఆయన అడిగే పద్ధతి డాక్టర్ల కంటే ఘోరం. "బాగుంది బాబాయ్" అంటే ఒప్పుకునేవాడు కాదు, "బాగుందని నీ పెళ్ళాంతో చెప్పు, నాకు ఏం జరిగిందో చెప్పు" అనేవాడు. నా మాట విని అట్టముక్క మీద చివరి వాక్యం రాసేవాడు. ఆ వాక్యం నాది అని నాకు ఎంత గర్వమో. ఆరేళ్ళు సాగింది ఇలా. ఆఫీస్‌లో నేను రాసిన కోడ్ ఎవరు చదివారో తెలీదు గానీ, నా గొంతు మీద నమ్మకంతో షామ్‌బర్గ్‌లో సగం మంది వైన్ కొనేవాళ్ళు.

ఆ నమ్మకాన్ని ఒక ఆవకాయ జాడీతో చెడగొట్టాను.

మా అత్తగారు కొత్తావకాయ పట్టుకుని అప్పుడే ఇండియా నుంచి దిగారు. ఆదివారం పొద్దున్నే మూత తీశారు. వేడి అన్నం, నెయ్యి, పచ్చి ఉల్లిపాయ. మనిషన్నవాడు ఆగగలడా? రెండు వాయిలు తిని, ముమ్మారు పళ్ళు తోముకుని, షాపుకి పోయాను. బాబాయ్ నేను గదిలోకి రాగానే తలెత్తాడు.

"ఆవకాయ తిన్నావా?"

"లేదు బాబాయ్, మా అత్తగారు జాడీ సర్దుతుంటే సాయం పట్టాను. చొక్కాకి అంటుకున్నట్టుంది."

ఆయన నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. "సరే" అని గ్లాసు ఇచ్చాడు. నన్ను ఊదమనలేదు. నా మాట నమ్మాడు.

అది ప్రియొరాట్ వైపు గర్నాచా, మహా ఘాటు సీసా. ఆవకాయ దిగిన గొంతుకి ఘాటేం తెలుస్తుంది? అమృతంలా జారింది. అదే చెప్పాను. ఆయన "గొంతులోకి నెయ్యిలా దిగుతుంది" అని రాసి పెట్టాడు.

పది రోజుల తర్వాత ఒక ముసలావిడ సీసా వెనక్కి తెచ్చింది. రిటైరైన నర్సు, ప్రతి శుక్రవారం వచ్చి, ఆయన అట్టముక్కలు చదివి తప్ప ఏదీ కొనని మనిషి. ఆమెకి గొంతులో ఏదో పుండు మాని కొన్నాళ్ళే అయిందట. మళ్ళీ గ్లాసు పట్టుకున్న మొదటి సీసా ఇదే. "నెయ్యి అన్నారు కదా, నిప్పు పోసుకున్నట్టుంది" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయిందట. కోప్పడలేదట. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి అరలో ఆ అట్టముక్క లేదు.

"ఆ రోజు ఆవకాయ తిన్నావా, లేదా?" అని అడిగాడు.

"తిన్నాను బాబాయ్."

"సరే."

అంతే. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆదివారాలు ఆయన నన్ను పిలవలేదు. నేనూ సిగ్గుతో వెళ్ళలేదు. పిలుస్తాడేమోనని శనివారం రాత్రే ఉల్లిపాయ మానేసి, ఫోన్ వంక చూస్తూ కూర్చునేవాణ్ణి.

మూడేళ్ళ కిందటి జనవరిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బయట మంచు పడుతోంది.

"అబ్బాయ్, కారు జారి గుంటలోకి దిగింది. నేను బానే ఉండా. కాస్త వచ్చి ఇంటి దగ్గర దింపుతావా?"

నేను డ్రైవ్ చేసుకుని వెళ్ళేసరికి టో ట్రక్ కారుని పైకి లాగుతోంది. పోలీసు కారు అప్పుడే కదిలింది. బాబాయ్ మంకీ క్యాప్ పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. నా కార్‌లో కూర్చుని హీటర్ ముందు చేతులు పెట్టుకున్నాడు. స్వెట్టర్ మీంచి వైన్ వాసన నా ముక్కుకి కూడా తెలుస్తోంది.

"ఊదమన్నాడయ్యా పోలీసు. ఈ వాసనకి ఎవడైనా అంటాడు."

"ఊదారా?"

"ఊదకేం, రోజూ ఊదే నోరేగా. కాసేపు నిలబెట్టి, మళ్ళీ ఊదించి, ఏం లేదు, నువ్వు ఫైన్, వెళ్ళమన్నాడు."

నేను కారు కదిలించాను. వైపర్లు మంచు తోస్తున్నాయి.

"ఒక గుక్క మింగానయ్యా ఇయ్యాళ."

నేను కారు స్లో చేశాను.

"అరగాన్ నుంచి కొత్త సీసా. నూరేళ్ళ తీగలంట. ఓనరు తెప్పించాలా వద్దా నన్నే చెప్పమన్నాడు. తల బాగుంది, మొండెం బాగుంది. తోక ఎవర్ని అడగాల? ఆ నర్సమ్మ మొహం గుర్తొచ్చింది. తెలీకుండా ఇంకోసారి రాయలేను. మింగేశా."

నన్ను ఒక్క మాట అనలేదు. ఆరేళ్ళు నేను మింగి చెప్పిన మనిషికి, నా అబద్ధం వల్ల తానే మింగాల్సి వచ్చింది. "తప్పు నాది బాబాయ్" అన్నాను. ఆయన చెయ్యి ఊపి ఊరుకోమన్నాడు.

"పిన్నికి చెప్పకండి" అన్నాను. "పోలీసులే ఏం లేదన్నాక ఇంకెవరికి తెలుస్తుంది?"

"పోలీసుకి నేనేం ఒట్టెయ్యలేదుగా" అన్నాడు.

అపార్ట్‌మెంట్ మెట్లెక్కేసరికి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పిన్ని ఫోన్లో మాట్లాడుతోంది. గుడికి పోతున్న తెలుగువాళ్ళెవరో రోడ్డు పక్కన ఆయన పోలీసు ముందు నిలబడి ఊదుతుంటే చూశారు. మన ఊరూ మన ఊరే, మన వాట్సాప్ గ్రూపూ మన గ్రూపే. మేం ఇల్లు చేరేలోపు వార్త చేరింది.

"ఏం చూశారమ్మా? ఊదటం చూశారు, అంతేగా. నా ముందు రోజూ ఊదుతారు, అందులో వింతేముంది? తాగలేదు. పోలీసు చెప్పేదేంది, నేను చెప్తుండా. మా ఆయన తాగలేదు. పెట్టేయ్ ఇంక."

బాబాయ్ గుమ్మంలో ఆగిపోయాడు. ఇల్లు వాసన చూడటానికి కాదు. నేను ఆయన వెనకే ఉన్నాను, ఆయన మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పిన్ని ఫోన్ పెట్టి మమ్మల్ని చూసింది. బాబాయ్ రోజూలాగే ముందుకి వంగి, నోరు తెరిచాడు. పిన్ని అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"దెబ్బలేం తగల్లేదుగా? పోయి చేతులు కడుక్కోండి, అన్నం పెడతా. నువ్వు కూడా కూర్చో అబ్బాయ్."

ఇన్నేళ్ళూ ఆయన కోరింది ఇదే. నోరు మూసుకుని, చేతులు కడుక్కుని, పీట లాక్కుంటే చాలు, ఆ కోరిక తీరినట్టే. నేను మనసులో దండం పెట్టుకున్నాను, ఊరుకో బాబాయ్, ఈ ఒక్కసారికి ఊరుకో అని.

"ఒక గుక్క మింగాను" అన్నాడు బాబాయ్.

పిన్ని చేతిలో గరిటె ఆగింది. నేను చెప్పబోయాను, ఆవకాయ సంగతి, నా అబద్ధం సంగతి, అన్నీ. నా వంక చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. పక్క ఫ్లాట్‌లో ఎవరిదో టీవీ వినపడుతోంది.

"ఎట్టా ఉంది?" అని అడిగింది పిన్ని.

ప్రతి సీసాకీ ఒక వాక్యం రాసిన మనిషి. పన్నీరూ రేగుపండూ అన్నీ ఆయన నాలుక చివర ఉండేవి. నిలబడి, చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళు నలుపుకోవడం లేదు.

"బాగుంది" అన్నాడు. "చానా బాగుంది. భయమేసింది."

పిన్ని పళ్ళెంలో అన్నం పెట్టింది.

"భయం ఉందిగా ఇంకా," అంది. "అయితే కూర్చోండి. చల్లారిపోద్ది."